అంగిలి మీద పచ్చిపుండుకి ఏం వేయించుకోవాలి: చిగుళ్ల ఆపరేషన్ డ్రెస్సింగులపై నా అనుభవం

చిగుళ్ల ఆపరేషన్ అనగానే మనం డాక్టరుని రెండే అడుగుతాం. ఎంతవుతుంది, నొప్పి ఎక్కువుంటుందా. నేనూ అవే అడిగాను. అడగాల్సిన ఇంకో ప్రశ్న ఉందని నాకు మూడో ఆపరేషన్ అయ్యాక, అర్ధరాత్రి నోట్లో రక్తంతో అద్దం ముందు నిలబడ్డప్పుడు గాని తెలియలేదు. "కోసిన చోట పైన ఏం వేస్తారండీ?" అని. ఆ ఒక్క ప్రశ్న ముందే అడిగి ఉంటే ఒక వారం రోజుల నరకం తప్పేది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది విజయనగరం. గజపతినగరం వైపు ఒక బడిలో టీచరుగా చేస్తున్నాను, అంటే రోజుకి అయిదారు గంటలు నోరు తెరవక తప్పని ఉద్యోగం. 2023లో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అయిన తర్వాతి వారం కింది కుడివైపు ఫ్లాప్ ఆపరేషన్ చేయించుకున్నాను. నెల తర్వాత ఎడమవైపు. 2024 మేలో సెలవులు ఇవ్వగానే కింది ముందు పళ్ల దగ్గర చిగురు బాగా దిగిపోయిందని అంగిలి మీద నుంచి ముక్క తీసి అక్కడ అతికించారు, దాన్ని గ్రాఫ్ట్ అంటారు. 2025 సంక్రాంతి సెలవుల్లో ఎడమవైపు పళ్లకి ఇంకో గ్రాఫ్ట్, ఇది శ్రీకాకుళంలో మా అక్క వాళ్లింట్లో ఉండి చేయించుకున్నాను. నాలుగుసార్లూ పుండు మీద వేసింది వేరు వేరు. నోరు ఒకటే, ఓర్పు ఒకటే, మనిషి ఒకటే కాబట్టి ఏది ఎలా ఉంటుందో పోల్చి చెప్పడానికి నాకు వీలైంది.

ముందు నొప్పి గురించి ఒక మాట. డాక్టర్లు సున్నా నుంచి పది వరకు ఎంత నొప్పి ఉందో చెప్పమంటారు. మన భాషలో అయితే నొప్పి ఒకటి కాదు కదా. సలుపు వేరు, మంట వేరు. ఫ్లాప్ ఆపరేషన్‌లో చిగురు విడదీసి, లోపల పేరుకున్న గారా అదీ శుభ్రం చేసి, మళ్లీ మూసి కుట్లు వేస్తారు. గాయం అంచులు కలిసి మూసుకుపోతాయి. ఆ నొప్పి సలుపు, లోపల్నుంచి, గుండె కొట్టుకున్నట్టు. దానికి మాత్ర పనిచేస్తుంది. అంగిలి మీద నుంచి ముక్క తీసినప్పుడు అక్కడ మూయడానికి పైన చర్మం ఉండదు, అది తెరిచి ఉన్న పచ్చిపుండు, మోకాలు గీరుకుపోయినట్టే, కాకపోతే నాలుక రోజుకి వెయ్యిసార్లు దాన్ని తాకుతుంది. అది మంట. మంచినీళ్లు తగిలినా మంట, గాలి తగిలినా మంట. దీన్ని మాత్ర పూర్తిగా తగ్గించదు, పైన ఏదో ఒకటి కప్పి ఉంటేనే తగ్గుతుంది. ఈ తేడా తెలియకపోవడం వల్లే చాలామంది అవసరం లేనిచోట డ్రెస్సింగ్ కావాలని పట్టుబడతారు, అవసరమైనచోట అడగరు. నేను రెండు తప్పులూ చేశాను.

మొదటిసారి కుడివైపు ఫ్లాప్ అయ్యాక ప్యాక్ పెట్టారు. రెండు ట్యూబుల్లోంచి పేస్టు తీసి, కలిపి, కాస్త గట్టిపడ్డాక సన్నగా జంతికలాగా చుట్టి పళ్లకీ చిగురుకీ మధ్య నొక్కేస్తారు. గులాబీ రంగులో ఉంటుంది. కాసేపటికి గట్టిపడి పళ్ల సందుల్లో పట్టుకుని కూర్చుంటుంది. వెనకటి రోజుల్లో ఇందులో లవంగనూనెలో ఉండే యూజినాల్ కలిపేవారు. 1923లో వార్డ్ అనే అమెరికా డాక్టరు మొదలుపెట్టిన ప్యాక్ కూడా ఆ రకమే. యూజినాల్ కొందరి చిగుళ్లని మండించడం, ఎలర్జీ తేవడం చూసి తర్వాత అది లేని రకాలు వచ్చాయి. నాకు పెట్టింది యూజినాల్ లేనిదే. మా అత్తయ్య "లవంగనూనె రాయమ్మా, చల్లగా ఉంటుంది" అని చాలాసార్లు అన్నారు, ప్రేమతోనే అన్నారు, కానీ కోసిన పుండు మీద ఉత్త లవంగనూనె రాస్తే కాలుతుంది. పుచ్చిన పన్నుకి పనికొచ్చింది కదా అని పుండుకి రాయకండి.

ప్యాక్ పెట్టుకున్న మొదటి రోజు ధైర్యంగానే ఉంది. ఏదో కవచం ఉన్నట్టు, నాలుక పొరపాటున అటు వెళ్లినా భయం లేదు. రెండో రోజు నుంచి బరువు తెలిసింది, బుగ్గ లోపల మట్టి ముద్ద పెట్టుకున్నట్టు. మూడో రోజు పెరుగన్నం తింటుంటే చివరి ముక్క విరిగి ఊడి వచ్చింది. ఊడితే ఏం చేయాలో ఆ క్లినిక్‌లో ఎవరూ చెప్పలేదు, కాగితం మీద కూడా రాసివ్వలేదు. ఫోన్ చేస్తే వారం తర్వాత రమ్మన్నారు, అంతే. మిగిలిన ముక్క కింద అన్నం మెతుకులు ఇరుక్కుని అయిదో రోజుకి వాసన మొదలైంది. నా నోటి వాసన నాకే తెలుస్తుంటే పిల్లల దగ్గరకి వంగి నోటుబుక్కు దిద్దడానికి ఎంత సిగ్గుపడ్డానో. వారానికి వెళ్లి తీయిస్తే కింద తెల్లగా పాచి పేరుకుని ఉంది. చిగురు మానింది, అది వేరే సంగతి.

ఎడమవైపు ఆపరేషన్‌కి వేరే డాక్టరు దగ్గరకి వెళ్లాను. ఈయన విశాఖపట్నం నుంచి ఆదివారాలు వచ్చి చూసే చిగుళ్ల స్పెషలిస్టు. "ప్యాక్ పెట్టనా?" అని ఆయనే అడిగి, "కుట్లు దగ్గరగా పడ్డాయి, గాయం మూసుకుంది, నా లెక్కలో అక్కర్లేదు" అన్నారు. నాకు భయం వేసి పెట్టమన్నాను. ఆయన ఓపికగా కూర్చుని చెప్పారు: ప్యాక్ పుండుని మాన్పదు, కాపలా మాత్రం కాస్తుంది, మూసుకున్న గాయానికి ఆ కాపలా అవసరం తక్కువ, పైగా కింద పాచి చేరితే మానడం కష్టమవుతుంది అని. పెట్టించుకోకుండానే వచ్చాను. సలుపు అంతే ఉంది. మొదటి రెండు రోజులు అదే మాత్ర (ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసినది), అదే ఐసు ముక్క బుగ్గ మీద. మూడో రోజుకి తేలికైంది. బరువు లేదు, వాసన లేదు. పుక్కిలింత మందు నేరుగా చిగురుకి తగులుతుంటే శుభ్రంగా ఉందన్న నమ్మకం కూడా ఉంది. ప్యాక్ పెట్టినా పెట్టకపోయినా ఫ్లాప్ మానడంలో పెద్ద తేడా ఉండదని తర్వాత చదివాను, నా నోరు కూడా అదే చెప్పింది.

ప్యాక్ ఉత్తి దండగ అని మాత్రం అనను. చిగురు అంచు కోసి తీసేసే ఆపరేషన్లు కొన్ని ఉంటాయి, అక్కడ కుట్లకి మూసుకోని పచ్చి అంచు మిగిలిపోతుంది. కదిలే పళ్లు ఉన్నవాళ్లుంటారు. చిగురు కిందికి నొక్కి నిలబెట్టాల్సిన చోట్లుంటాయి. అలాంటప్పుడు ప్యాక్ ఉపయోగమే. పెట్టించుకుంటే మాత్రం ఎన్ని రోజులు ఉంచాలి, ముక్క ఊడితే ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి అని రాయించుకుని బయటికి రండి.

ఇక గ్రాఫ్ట్. ఇక్కడ ఎక్కువ రాయాలి, ఎందుకంటే అసలు కథ ఇక్కడే ఉంది.

2024 మేలో మళ్లీ విజయనగరంలోనే ఇంకో క్లినిక్‌లో చేశారు. అంగిలి కుడివైపు, పెద్ద పళ్లకి లోపలి పక్కగా, గోరంత వెడల్పున ముక్క తీశారు. మందం ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు అన్నారు, వినడానికి ఎంతో కాదు. తీసిన చోట కొల్లాజెన్ స్పాంజి ముక్క పెట్టి పైన అడ్డదిడ్డంగా దారం కుట్టారు. కొల్లాజెన్ అనేది రక్తం పీల్చుకుని గడ్డకట్టడానికి సాయపడుతుంది, తర్వాత ఒంట్లోనే కరిగిపోతుంది, తీయించుకోవాల్సిన పని ఉండదు. ఎక్కువగా ఆవు, ఎద్దు టెండన్ల నుంచి (కండని ఎముకకి పట్టి ఉంచే పట్టీలు), చర్మం నుంచి తీస్తారు, చేపల నుంచి తీసినవి కూడా మన దేశంలో దొరుకుతాయి. శాకాహారులు, పట్టింపు ఉన్నవాళ్లు ఈ సంగతి ముందే అడగండి, ఎందుకంటే అడగకపోతే ఎవరూ చెప్పరు. నాకు ఎవరూ చెప్పలేదు.

మొదటి రోజు మత్తు దిగాక మొదలైంది. నేను రోజూ సాయంత్రం పదికి ఎంత అని మార్కులు వేసుకునేదాన్ని, టీచరు అలవాటు. మొదటి రోజు ఏడు. గ్రాఫ్ట్ అతికించిన కింది చిగురు దగ్గర రెండుకి మించలేదు, బాధంతా ముక్క తీసిన చోటే. ఇది నేను ఊహించలేదు. ఎవరిని అడిగినా "కొత్త చిగురు అతుక్కుందా" అంటారు గానీ అంగిలి గురించి మాట్లాడేవాళ్లు లేరు. రెండో రోజు సాయంత్రం ఒక దారం వదులై, స్పాంజి జిగురుగా కరిగి, అంబలితోపాటు లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు ఎనిమిది. ఉమ్మి మింగినా మంటే.

ఆ రాత్రి ఒంటిగంటకి మెలకువ వచ్చి చూస్తే దిండు మీద రక్తం. అంగిలిలో పెద్ద రక్తనాళం ఒకటి వెనక నుంచి ముందుకి నడుస్తుంది, దాని కొమ్మలు ఆ చుట్టుపక్కలే ఉంటాయి, అందుకే అక్కడ రక్తం కారితే చూడ్డానికి చాలా భయమేస్తుంది. నేను చేసిన తప్పు ఏంటంటే పదే పదే పుక్కిలించి ఉమ్మాను. ఉమ్మిన కొద్దీ గడ్డ కదిలిపోయి మళ్లీ కారింది. మా ఆయన ఎమర్జెన్సీ నంబరు ఏదైనా ఉందేమోనని క్లినిక్ చీటీ అంతా వెతికారు, లేదు. చివరికి ఆదివారం వచ్చే విశాఖ డాక్టరుగారికి భయపడుతూనే ఫోన్ చేస్తే ఎత్తారు. "ఉమ్మడం ఆపండమ్మా. శుభ్రమైన గుడ్డ తడిపి మడత పెట్టి, బొటనవేలితో అంగిలికి గట్టిగా నొక్కి పట్టండి, పదిహేను నిమిషాలు మధ్యలో తీసి చూడకండి" అన్నారు. గడియారం చూస్తూ మా ఆయన నొక్కి పట్టుకున్నారు. ఆగింది. తలకింద రెండు దిండ్లు పెట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నట్టే పడుకున్నాను. ఇలా నొక్కి పట్టినా ఆగకపోతే ఇంట్లో ఉండకుండా ఆస్పత్రికి వెళ్లిపోవాలి.

మర్నాడు ఆ డాక్టరుగారికే చూపిస్తే ఆయన వేసింది గమ్. సయనోఎక్రిలేట్ అంటారు. చిన్న ట్యూబులోంచి చుక్క చుక్కగా పుండు మీద వేసి సన్నటి పొరలాగా పరిచారు, తడి తగిలితే కొన్ని క్షణాల్లో గట్టిపడుతుంది, గట్టిపడేటప్పుడు కొంచెం వేడి తెలుస్తుంది. రెండు పొరలు వేశారు. అయిదు నిమిషాల పని. కుర్చీలోంచి లేచి మంచినీళ్లు తాగి చూద్దును కదా, మంట లేదు. సలుపు కొంచెం ఉంది, ఆ కత్తితో గీసినట్టు ఉండే మంట మాత్రం లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సాయంత్రం మార్కులు నాలుగు. ఈ చిన్న చుక్క మొదటి రోజే వేసి ఉంటే ఆ రెండు రాత్రులు తప్పేవి కదా అని ఇప్పటికీ బాధ కలుగుతుంది.

గమ్‌లో లోపాలు లేవని కాదు. అంచులు గరుకుగా ఉండి నాలుకకి గుచ్చుకుంటాయి, నాలుక ఊరుకోక దాన్నే తడుముతుంది. నాలుగైదు రోజులకి పెచ్చులు పెచ్చులుగా లేచి ఊడుతుంది, ఊడిన చోట మళ్లీ మంట తెలుస్తుంది. నాకు ఆరో రోజు సగం ఊడింది, వెళ్లి ఇంకో పొర వేయించుకున్నాను, దానికి ఆయన డబ్బు తీసుకోలేదు. ఎలర్జీలున్నవాళ్లు ముందే చెప్పాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది చాలా గట్టిగా చెప్తున్నాను: కిరాణా కొట్టులో చెప్పులు అతికించుకోవడానికి దొరికే గమ్ కూడా ఇదే జాతి రసాయనం అని ఎక్కడో చదివి ఇంట్లో ప్రయత్నించకండి. అందులో ఉండేది వేరే రకం. త్వరగా విరిగిపోయి కణాలకి హాని చేసే పదార్థాలు వదులుతుంది, వేడి కూడా ఎక్కువ పుడుతుంది. నోట్లో వాడేవి బ్యూటైల్, ఐసోఎమైల్, ఆక్టైల్ రకాలు, ఆస్పత్రి కోసం శుభ్రంగా తయారుచేసినవి.

ఆ పదిహేను రోజులు నన్ను నిలబెట్టింది చోడి అంబలి, అంటే రాగి అంబలి. ముందు రోజు రాత్రి కాచి, చల్లారాక మజ్జిగ కలిపి ఉంచితే పొద్దున్నకి మెత్తగా, చల్లగా, పుండుకి తగిలినా తెలియనట్టు దిగిపోతుంది. పులుపు ఎక్కనివ్వకూడదు, పులిస్తే మంట. మెత్తటి ఇడ్లీ పాలలో నానబెట్టి, ముద్దపప్పన్నం నెయ్యితో, అరటిపండు చిదిపి తిన్నాను. అత్తయ్య ఒకరోజు నా మీద జాలితో ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఒక్క ముద్ద నోట్లో పెట్టారు, ఆవ ఘాటు పుండుకి తగిలి లేచి పెరట్లోకి పరిగెత్తాను. పాపం ఆవిడ ఆ పూట అన్నం తినలేదు. మన ఇళ్లలో ఆవ, ఆవకాయ, జంతికలు లేకుండా రెండు వారాలు గడపడం కష్టమే. అయినా జంతిక ముక్క ఒక్కటి చాలు, గడ్డని లేపేస్తుంది.

రెండో గ్రాఫ్ట్‌కి భయంతో ఏడు నెలలు వాయిదా వేశాను. శ్రీకాకుళంలో మా అక్క "ఇక్కడ డే అండ్ నైట్ కూడలి దగ్గర ఒక మేడమ్ చేస్తారు, నిదానంగా చెప్తారు, ఒకసారి మాట్లాడు" అని తీసుకెళ్లింది. ఈసారి మొదటి ప్రశ్నే అది అడిగాను. "మేడమ్, అంగిలి మీద ఏం వేస్తారు?" ఆవిడ నవ్వి "ముందే దెబ్బ తిన్నారన్నమాట" అన్నారు.

ఆవిడ రెండు పనులు చేశారు. ఆపరేషన్‌కి నాలుగు రోజుల ముందు పై పళ్లకి కొలత తీసుకుని, పలచటి పారదర్శకమైన ప్లేటు చేయించారు, అంగిలిని మొత్తం కప్పుతూ పళ్లకి పట్టుకుని ఉంటుంది. ఆపరేషన్ రోజు నా చేతిలోంచే పది మిల్లీలీటర్ల ట్యూబుల్లో రక్తం తీసి, వెంటనే మిషన్‌లో తిప్పారు. ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఉంచే మందేమీ కలపరు, అందుకే తీసిన నిమిషంలోనే తిప్పాలి. పది, పన్నెండు నిమిషాల తర్వాత నాకు చూపించారు: అడుగున ఎర్ర రక్తం, పైన లేత పసుపు రంగు నీరు, మధ్యలో పసుపుపచ్చటి జున్నుముక్క లాంటిది. దాన్ని తీసి పలచగా నొక్కితే చిన్న పొర తయారైంది. దాన్నే పీఆర్ఎఫ్ అంటారు, ఫ్రాన్స్‌లో షుక్రూన్ అనే డాక్టరు 2001 ప్రాంతంలో మొదలుపెట్టిన పద్ధతి. అందులో మన రక్తంలో ఉండే గాయం మాన్పే పదార్థాలే చిక్కుకుని ఉంటాయి, వారం పైగా మెల్లగా విడుదలవుతాయి. బయటి మందు ఏదీ లేదు, ఆవుదీ కాదు చేపదీ కాదు, నాదే. ఆ మాట నాకు ఎందుకో చాలా ధైర్యం ఇచ్చింది. దాన్ని అంగిలి మీద పరిచి కుట్టి, పైన ప్లేటు ఎక్కించేశారు.

ఆ మేడమ్ అంగిలి చూస్తూ "మీ ఇంట్లో అడ్డపొగ ఎవరికైనా అలవాటుందా?" అని అడిగారు. మా అమ్మమ్మకి ఉండేది. చుట్ట నిప్పు లోపలికి పెట్టి పీల్చడం, మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పెద్దవాళ్లకి తెలియనిది కాదు. ఆంధ్రాలో 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించి అడ్డపొగ వల్ల అంగిలికి వచ్చే మార్పుల మీద 1971లోనే పెద్ద పరిశోధన వ్యాసం అచ్చయింది. ఆ వేడి, ఆ పొగ ఏళ్ల తరబడి తగిలిన అంగిలిలో మచ్చలు, క్యాన్సర్ ముందు దశలు వస్తాయి. అలాంటి అంగిలి నుంచి ముక్క తీయాలా వద్దా అన్నది ముందు తేల్చుకోవాలి, మామూలు సిగరెట్టు తాగేవాళ్లకి కూడా చిగురు ఆలస్యంగా మానుతుంది, గ్రాఫ్ట్ అతుక్కోవడం కష్టమవుతుంది. ఇంట్లో అమ్మమ్మలు, నాయనమ్మలు ఎవరైనా ఇంకా అడ్డపొగ తాగుతుంటే చిగుళ్ల సంగతి తర్వాత, ముందు వాళ్ల అంగిలి ఒకసారి డాక్టరుకి చూపించండి.

మొదటి రోజు మార్కులు నాలుగు. రెండో రోజు మూడు. మూడో రోజు కూడా మూడే. అయిదో రోజు ఒకటిన్నర. వారానికి ఒకటి. అక్క చేసిన సగ్గుబియ్యం జావ మొదటి రోజు సాయంత్రమే తాగాను, ప్లేటు ఉండటంతో ఏదీ పుండుకి తగల్లేదు. మొదటి ఇరవైనాలుగు గంటలు ప్లేటు తీయొద్దన్నారు, ఆ ఒత్తిడికే రక్తం ఆగుతుందట. ఆ తర్వాత తిన్నాక తీసి కడిగి మళ్లీ పెట్టుకోవాలి. మాట ముద్దగా వస్తుంది, "స", "శ" పలకవు, ఉమ్మి ఎక్కువ ఊరుతుంది. సెలవుల్లో పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది, బడి రోజుల్లో అయితే పాఠం చెప్పడం కుదరదు.

ఇక్కడ నిజాయితీగా ఒకటి చెప్పాలి. పీఆర్ఎఫ్, ప్లేటు రెండూ ఒకేసారి వేశారు కాబట్టి దేని పుణ్యం ఎంతో విడదీసి చెప్పడం కష్టం. ప్లేటు తీసి కడుక్కునే ఆ రెండు నిమిషాలు గాలి తగిలి మంట పుట్టేది, పెట్టగానే పోయేది. అంటే నొప్పి తగ్గించిన ఘనత ఎక్కువ ప్లేటుదే అని నా నమ్మకం. మానడం సంగతి వేరు. పద్నాలుగో రోజు మేడమ్ పుండు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేసి చూశారు. పైపొర ఇంకా కట్టని చోట అది బుసబుసమని నురుగు కడుతుంది, కట్టిన చోట కట్టదు. నాకు మధ్యలో చిన్న మచ్చంత మేర తప్ప నురుగు రాలేదు. మొదటి గ్రాఫ్ట్‌కి పద్నాలుగో రోజు ఆ పరీక్ష చేయలేదు గానీ, అద్దంలో చూసుకుంటే మధ్యంతా ఎర్రగా పచ్చిగానే ఉండేది, నాలుగో వారానికి గాని మామూలు కాలేదు. పీఆర్ఎఫ్ వేసిన అంగిలి త్వరగా పైపొర కడుతుందని, నొప్పి తగ్గుతుందని పరిశోధనల్లో కూడా చెప్పారు, నాకు జరిగింది దానికి దగ్గరగానే ఉంది.

డబ్బు సంగతి. ప్యాక్‌కి వేరే తీసుకోలేదు. గమ్‌కి నా బిల్లులో నాలుగువందలు. పీఆర్ఎఫ్‌కి రెండున్నర వేలు, ప్లేటుకి వెయ్యి. ఇవి నేను కట్టినవి, ఊరినిబట్టి, డాక్టరునిబట్టి మారతాయి. నాకు మళ్లీ గ్రాఫ్ట్ అవసరమై చేతిలో డబ్బు తక్కువుంటే పీఆర్ఎఫ్ వదులుకుంటాను, గమ్ గానీ ప్లేటు గానీ రెంట్లో ఒకటి మాత్రం వదులుకోను. ఉత్త స్పాంజితో, రెండు దారాలతో అంగిలిని వదిలేస్తామంటే కుర్చీలోంచి లేచి వచ్చేస్తాను. అదే స్పాంజి మీద గమ్ వేస్తామంటే సరే అంటాను. ఆ కాంబినేషన్ కూడా చేస్తారట.

అసలు పుండే చిన్నదయ్యే దారి ఒకటుంది, అది కూడా అడగండి. కొన్ని రకాల చిగురు జారుడుకి అంగిలి పైపొర తీయకుండా, చిన్న గాటు పెట్టి లోపలి పొర మాత్రమే తీసి, పైపొర మూసి కుట్టేస్తారు. అప్పుడు అంగిలి కూడా మూసుకున్న గాయమే, మంట చాలా తక్కువ. నాకు కింది ముందు పళ్ల దగ్గర గట్టి చిగురే లేకపోవడంతో పైపొరతో సహా కావాల్సి వచ్చింది. అందరికీ అలా అక్కర్లేదు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు పీఆర్ఎఫ్ వేయించుకునే ముందే ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి, ఆ పొర సరిగా గడ్డకట్టకపోవచ్చు, రక్తం కారే భయం కూడా ఎక్కువ. మాత్రలు మనంతట మనం ఆపేయడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే, గుండె డాక్టరుని అడక్కుండా ఆపకూడదు. షుగరు ఉన్నవాళ్లు అదుపులోకి తెచ్చుకున్నాకే వెళ్లాలి, లేకపోతే ఏ డ్రెస్సింగ్ వేసినా మానడం ఆలస్యమే.

డ్రెస్సింగ్ ఏదైనా బ్రష్ చేయలేని చోట శుభ్రం చేసేది పుక్కిలింత మందే, క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం, రోజుకి రెండుసార్లు. మిగతా పళ్లు పేస్టుతో తోముకుని వెంటనే ఇది పోసుకుంటే పేస్టులోని నురుగు పదార్థం దాని పని తగ్గించేస్తుంది, అరగంట ఆగాలి. గట్టిగా గడగడలాడించకూడదు, నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి వదిలేయాలి. పళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి, టీ ఎక్కువ తాగితే ఇంకా ఎక్కువ, తర్వాత క్లీనింగ్‌తో పోతుంది. నాలుక రుచి కొన్నాళ్లు తేడాగా ఉంటుంది, ఉప్పు సరిగా తెలియదు. నేను వండిన పప్పులో ఆ వారం ఉప్పు రెండింతలు పడింది, పిల్లలు ఏమీ అనకుండా తిన్నారు.

మా బావగారికి, అంటే శ్రీకాకుళం అక్క వాళ్లాయనకి, ఇప్పుడు అదే మేడమ్ దగ్గర గ్రాఫ్ట్ ఉంది. షుగరు ఉంది, రోడ్ల మీద తిరిగే ఉద్యోగం, అసలు వద్దనే అన్నారు. మూడు నెలలు పట్టింది షుగరు దారికి రావడానికి. గత శనివారం అక్క ఫోన్ చేసి "ప్లేటుకి కొలత ఇచ్చి వచ్చారే, రాత్రి ఫోన్ చేయాల్సిన నంబరు కూడా చీటీ వెనక రాయించుకున్నాను" అంది. ఆపరేషన్ రోజుకి నేను సెలవు పెట్టుకున్నాను. ముందు రోజు రాత్రే వెళ్లి అంబలి కాచి పెడతాను.